పాత ఓమ్ని డాష్‌బోర్డు డైరీ: నాలుగు లైట్లు వెలగాల్సిన చోట మూడే వెలిగాయి

బండి 2011 ఓమ్ని వ్యాను, పెట్రోలు, 796 సీసీ, మూడు సిలిండర్లు. సెకండ్ హ్యాండులో తీసుకున్నాం. నాన్న భజన బృందం హార్మోనియం, తబలాలు, ఆరుగురు మనుషులు అందులోనే ఊళ్ళు తిరగాలి. నడిపేది నేను, లేదంటే కొత్తగా నేర్చుకుంటున్న మా బావమరిది. నాది ఫ్యాన్లు, మోటార్లు రిపేరు చేసే కొట్టు. ఇంటి కరెంటు తెలుసు గానీ బండి కరెంటు తెలియదు. ఆ తేడా వల్ల చేసిన తప్పులు కూడా కింద రాశాను. ఓమ్ని లేనివాళ్ళకూ చాలావరకు పనికొస్తుంది. ఎయిర్‌బ్యాగులు ఉన్న కొత్త వ్యాన్లలో మాత్రం స్టీరింగు దగ్గర పసుపు రంగు కనెక్టర్ల (అవి ఎయిర్‌బ్యాగు వైర్లవి) జోలికి పోవద్దు, మీటరు (డాష్‌బోర్డులో ముళ్ళు, లైట్లు ఉండే పెట్టె) విప్పే పని సొంతంగా పెట్టుకోవద్దు.

దశ 0: పనిముట్లు

మల్టీమీటరు, స్క్రూడ్రైవర్లు, 10 నంబరు స్పానరు, ఎమెరీ పేపరు ఇంట్లోనే ఉన్నాయి. మొదటి రోజు బుద్ధిగా జేబులో ఉన్న టెస్టరు తీసి ఫ్యూజు మీద పెట్టాను. వెలగలేదు. పక్క ఫ్యూజు మీద పెట్టాను. అదీ అంతే. ఫ్యూజులన్నీ పోయాయనుకుని పావుగంట టెన్షన్ పడ్డాను. 230 వోల్టులకు చేసిన నియాన్ టెస్టరు 12 వోల్టుల దగ్గర ఎందుకు వెలుగుతుంది?

అందుకని టెస్ట్ ల్యాంపు కట్టాను:

1. 12 వోల్టుల 5 వాట్ల బల్బు, హోల్డరు.
2. రెండు మీటర్ల వైరు, రెండు కొసలకూ మొసలి క్లిప్పులు.
3. ఒక క్లిప్పు బండి బాడీకి, రెండోది కరెంటు ఉందో లేదో చూడాల్సిన చోటికి. బండిలో ఇనుప బాడీ మొత్తం ఎర్తే. ఇంట్లో లాగా న్యూట్రల్ వైరు వేరుగా వెతకక్కర్లేదు.

ఇండికేటర్‌లో వాడే 21 వాట్ల బల్బు పెట్టకండి. అది దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది. 5 వాట్లదైతే 0.4 మాత్రమే. ఇంజిన్ కంప్యూటరుకు వెళ్ళే వైర్ల మీద ఏ ల్యాంపూ వద్దు, మల్టీమీటరే వాడాలి.

ఖర్చు: 70 రూపాయలు. మొత్తం: 70.

దశ 1: కీ ఆన్ చేసి లైట్లు లెక్కపెట్టడం

తాళం నాలుగు చోట్ల ఆగుతుంది: లాక్, ఏసీసీ, ఆన్, స్టార్ట్. ఏసీసీ అంటే ఏసీ అనుకున్నాడు మా వాడు. కాదు, అది రేడియో వగైరాలకు. తాళం అసలు తిరగకపోతే బలం పెట్టి తిప్పకుండా స్టీరింగును కొంచెం అటూ ఇటూ కదిలిస్తూ తిప్పాలి, లాకు వదులుతుంది.

మామూలుగా మనం లాక్ నుంచి ఒకే ఊపులో సెల్ఫ్ కొట్టేస్తాం. అలా చేస్తే మీటరు ఏం చెబుతోందో చూసే వ్యవధే ఉండదు. ఆన్ దగ్గర ఆగి, హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచి చూస్తే నా బండిలో నాలుగు వెలగాలి:

1. ఆయిల్ లైటు (నూనె డబ్బా బొమ్మ, ఎరుపు)
2. చార్జింగ్ లైటు (బ్యాటరీ బొమ్మ, ఎరుపు)
3. బ్రేక్ లైటు (ఎరుపు)
4. ఇంజిన్ బొమ్మ (పసుపు)

ఎరుపు అంటే ఇప్పుడే ఆపమని. పసుపు అంటే త్వరలో చూపించమని. ఆకుపచ్చ ఇండికేటర్‌కు, నీలం బ్రైట్ లైటుకు. ఈ రంగులు ఏ కంపెనీ బండిలోనైనా దాదాపు ఇవే.

నాకు వెలిగినవి మూడు. ఆయిల్ లైటు లేదు. బావమరిది సంతోషించాడు: "ఆయిల్ లైటు రాలేదంటే ఆయిల్ బాగున్నట్టే కదా బావా!" ఇంజిన్ తిరగనప్పుడు ఆయిల్ ప్రెషర్ సున్నా ఉంటుంది, కాబట్టి ఆ లైటు వెలిగి తీరాలి. రెండు నెలలు ఈ బండి నడిపిన నేను కూడా వాడిలాగే అనుకున్నానన్న సంగతి వాడికి చెప్పలేదు.

ఖర్చు లేదు. సమయం 40 నిమిషాలు. మొత్తం: 70.

దశ 2: ఆయిల్ లైటు (ఇక్కడే మూడు ఆదివారాలు పోయాయి)

మొదటి ఆదివారం. ఆయిల్ స్విచ్ (ఆయిల్ ప్రెషర్ పడిపోతే ఆ లైటు వెలిగించేది) పోయిందని నాకు నేనే తీర్పు చెప్పేసుకుని కొత్తది 220 పెట్టి కొన్నాను. ఓమ్నిలో ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది, సీటు ఎత్తితే పని. కొత్త స్విచ్ బిగించి కీ ఆన్ చేశాను. లైటు రాలేదు.

రెండో ఆదివారం. అసలు చేయాల్సిన వరుస ఇది:

1. ఆయిల్ స్విచ్‌కు వచ్చేది ఒక్కటే వైరు. దాన్ని పీకాలి.
2. కీ ఆన్‌లో పెట్టాలి, స్టార్ట్ చేయకూడదు.
3. పీకిన వైరు కొసను ఇంజిన్ ఇనుముకు తాకించాలి.
4. మీటర్లో లైటు వెలిగితే తప్పు స్విచ్‌ది. వెలగకపోతే బల్బుది, లేదా మధ్యలో వైరుది.

ఒక్క నిమిషం పని. ఇది ముందే చేసి ఉంటే 220 మిగిలేవి. తాకించాను, వెలగలేదు. అంటే పైన చూడాలి.

మీటరు విప్పడానికి ముందు బ్యాటరీ నెగటివ్ తీసేశాను. స్క్రూలు తీసి, వెనక్కి చెయ్యి పోనిచ్చి స్పీడోమీటర్ కేబుల్ వదులు చేసి, మీటరును ముందుకు లాగాను. వెనక చిన్న బల్బులు వరసగా ఉన్నాయి, హోల్డరును కొద్దిగా తిప్పితే ఊడి వస్తాయి. ఆయిల్ లైటు హోల్డరు తీస్తే అందులో బల్బే లేదు. కాలిపోవడం కాదు, ఎవరో ఏరి పక్కన పెట్టేశారు. బ్రైట్ లైటుకు వెలగాల్సిన నీలం బల్బు కూడా మాడిపోయి ఉంది. మూడు బల్బులు తెచ్చాను, ఒకటి స్పేరు: 60.

బల్బు పెట్టగానే నాలుగూ వెలిగాయి. స్టార్ట్ చేస్తే ఆయిల్ లైటు ఆరింది. ఇరవై నిమిషాలు తిప్పి వచ్చి స్లోలో (యాక్సిలరేటరు తొక్కకుండా) నిలబెడితే అదే లైటు మిణుకు మిణుకుమంది. బల్బు ఎందుకు తీశారో అప్పుడు అర్థమైంది. రోగం కుదర్చకుండా కూతపెట్టే కుక్కను తరిమేశారన్నమాట.

మూడో ఆదివారం. చదునైన చోట బండి ఆపి, పది నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంత ఉందో చూసే పుల్ల) తీసి తుడిచి మళ్ళీ ముంచాను. కింది గీతకు వేలెడు కింద నల్లగా, నీళ్ళలా పల్చగా ఉంది ఆయిల్. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు ఆయిల్, ఫిల్టరు: 1,450. తర్వాత మెకానిక్ దగ్గర స్విచ్ విప్పి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజి పెట్టించాను, 200. ఇంజిన్ బాగా వేడెక్కాక స్లోలో చదరపు సెంటీమీటరుకు 1.1 కిలోలు. రేజ్ చేస్తే 3 దాటింది. ఇలాంటి స్విచ్‌లు సాధారణంగా అర కిలోకు లోపే లైటు ఆర్పేస్తాయి. అందుకే ఒక మాట గుర్తుపెట్టుకున్నాను: ఆయిల్ లైటు ఆరి ఉందంటే ప్రెషర్ బొత్తిగా పడిపోలేదని మాత్రమే అర్థం, ఆయిల్ నిండుగా ఉందని కాదు. ఆయిల్ ఎంత ఉందో చెప్పేది డిప్‌స్టిక్ ఒక్కటే.

ఇప్పుడు స్టార్ట్ చేసిన రెండు సెకన్లలో ఆరుతోంది. నడుస్తుండగా వెలిగితే ఇంటిదాకా పోదాం అనుకోకూడదు. పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి.

ఖర్చు: 1,930. మొత్తం: 2,000.

దశ 3: చార్జింగ్ లైటు

ఇక్కడ త్వరగా అయిపోయింది. బ్యాటరీ మీద కొలతలు:

రాత్రంతా ఆగిన బండి: 12.4 వోల్టులు
స్టార్ట్ అయ్యాక: 13.9
హెడ్‌లైట్లు, వైపర్ వేశాక: 13.5

నిండు బ్యాటరీకి 12.6, చార్జింగులో 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే నిశ్చింత. నా బండిలో ఒకే బెల్టు ఆల్టర్నేటర్‌ను (బ్యాటరీని చార్జ్ చేసేది), వాటర్ పంపును తిప్పుతుంది. అందుకే చార్జింగ్ లైటు వెలిగి, వెంటనే టెంపరేచర్ ముల్లు కూడా పైకి పోతుంటే బెల్టు తెగినట్టే లెక్క. ఒక్క చార్జింగ్ లైటే అయితే, ఆపి బెల్టు ఉందని చూసుకున్నాక, పగటిపూట కొంత దూరం లాగించొచ్చు గానీ రెండూ కలిస్తే అడుగు కదలకూడదు.

ఖర్చు లేదు. మొత్తం: 2,000.

దశ 4: పెట్రోలు ముల్లు

రాత్రి హెడ్‌లైట్లు వేయగానే పెట్రోలు ముల్లు, టెంపరేచర్ ముల్లు రెండూ ఒకేసారి కదిలాయి. లైటు వేసినంత మాత్రాన ట్యాంకులో పెట్రోలు మారదు, ఇంజిన్ వేడీ మారదు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది మీటరు ఎర్త్. మల్టీమీటరు ఒక కొస మీటరు ఎర్త్ వైరుకు, రెండో కొస బ్యాటరీ నెగటివ్‌కు పెట్టి హెడ్‌లైట్లు వేస్తే 0.9 వోల్టులు చూపించింది. ఉండాల్సింది సున్నాకు దగ్గరగా. ఎర్త్ బోల్టు కింద తుప్పు. ఎమెరీ పేపరుతో తళతళలాడే దాకా రుద్ది, బ్యాటరీ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ పట్టీ కొత్తది వేశాను: 120. తర్వాత కొలత 0.05. ముళ్ళు కదలడం మానేశాయి.

ఇక ముల్లుకు అర్థం కనుక్కోవడం. ముల్లు ఖాళీ గీత మీదికి వచ్చాక బంకుకు వెళ్ళి 5 లీటర్ల చొప్పున పోయించాను. పోసిన ప్రతిసారీ మూత పెట్టి, బండిని పంపు దగ్గర్నుంచి దూరంగా తోసి, అప్పుడు కీ ఆన్ చేసి మూడు నిమిషాలు ఆగాలి. ఈ పాత తరహా ముల్లు లోపలి పట్టీ వేడెక్కి వంగితే కదులుతుంది, తొందర పడదు. ఆరుసార్లు తోసింది బావమరిది. మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్ళాం కాబట్టి వెనక ఎవరూ లేరు, అయినా బంకు కుర్రాడు మమ్మల్ని చూసిన చూపు మామూలుగా లేదు. ఫోను జేబులోనే ఉంచి చీటీ మీద పెన్సిల్‌తో రాసుకున్నాను:

5 లీటర్లు: ఖాళీ గీతకు వెంట్రుకవాసి పైన
10 లీటర్లు: పావుకు కొంచెం తక్కువ
15 లీటర్లు: సగం
20 లీటర్లు: ముప్పావు దాటలేదు
25 లీటర్లు: నిండు గీత
30.4 లీటర్లు: పంపు కట్ అయింది, ముల్లు నిండు గీత మీదే

అంటే పైన 5.4 లీటర్లు ఖర్చయ్యే దాకా ముల్లు కదలదు. "ట్యాంకు కొట్టిస్తే మొదట్లో ముల్లే దిగదు, తర్వాత దబదబా పడిపోతుంది" అని అందరూ అనే మాటకు నా బండిలో కారణం ఇదే. ఖాళీ గీత కింద ఎంత మిగులుతుందో తెలుసుకోవడానికి బండి ఆగేదాకా నడపలేదు. పంపు ట్యాంకులోనే ఉండే బండ్లలో దాన్ని చల్లబరిచేది కూడా ఆ పెట్రోలే, అడుగంటా లాగించడం దానికి మంచిది కాదు.

పెట్రోలు ఎలాగూ వాడేదే కాబట్టి లెక్కలో వేయలేదు. ఖర్చు: 120. మొత్తం: 2,120.

దశ 5: టెంపరేచర్ ముల్లు

చల్లటి ఇంజిన్‌ను పొద్దున ఆరింటికి స్టార్ట్ చేసి, స్లోలో వదిలి, గడియారం పట్టుకుని కూర్చున్నాను. 9వ నిమిషానికి ముల్లు కదిలింది. 16కి సగానికి కాస్త కింద నిలబడింది. 21కి రేడియేటర్ ఫ్యాను మొదలై, రెండు నిమిషాలు తిరిగి ఆగింది. మీ బండిది కూడా ఇలా రాసి పెట్టుకోండి. మామూలు రోజున ముల్లు ఎక్కడ నిలబడుతుందో తెలిస్తేనే తేడా కనిపెట్టగలం.

ఫ్యాను ఆగాక రేడియేటర్‌లో నీళ్ళు చూద్దామని మూత మీద చెయ్యి వేశాను. నాన్న అరుగు మీద నుంచి, "ఒరేయ్, అన్నం కుక్కరు మూత అలాగే తీస్తావా?" అన్నారు. చెయ్యి వెనక్కి తీశాను. లోపల ఒత్తిడి ఉండటం వల్ల నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి, దాదాపు 120 దాకా. మూత తీస్తే ఒత్తిడి పోయి ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతాయి. పూర్తిగా చల్లారాక చూస్తే పక్క డబ్బాలో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్ళు) కింది గీతకన్నా తక్కువ ఉంది. ఒక లీటరు కొన్నాను: 260.

ఇది కూడా ఆయిల్ లైటు కథ లాంటిదే. ఈ ముల్లుకు కబురందించే సెన్సారు నీళ్ళలో మునిగి ఉంటేనే సరిగ్గా చెబుతుంది. పైపు పగిలి నీళ్ళన్నీ పోతే సెన్సారు చుట్టూ గాలి, ఆవిరే మిగులుతాయి. అప్పుడు ఇంజిన్ కాలిపోతున్నా ముల్లు కింద ఉండొచ్చు. నడుస్తున్న బండిలో ముల్లు ఉన్నట్టుండి చల్లటి వైపు పడిపోతే చల్లబడిందని సంబరపడకుండా ఆపి చూడాలి. ఓమ్నిలో ఇంకో మీటరు ఉంది: సీటు. ఇంజిన్ మన కిందే కాబట్టి మామూలు కన్నా వేడెక్కితే ముందు అక్కడే తెలుస్తుంది.

ఖర్చు: 260. మొత్తం: 2,380.

దశ 6: స్పీడోమీటరు

నలభై లోపు ముల్లు డోలు మీద పుల్లలా కొట్టుకుంటోంది. కేబుల్ లోపలి తీగ బయటికి లాగి, తుడిచి, గ్రీజు రాశాను (60). మొదటిసారి తీగ పొడుగునా పూశాను. అది తప్పని తెలిసి పైన అరచేయంత పొడవు మళ్ళీ తుడిచేశాను. పై కొసకు రాస్తే గ్రీజు తిరుగుతూ పాకి మీటర్లోకి చేరుతుంది.

తర్వాత ఏలూరు దాటాక 16వ నంబరు హైవే మీద, హనుమాన్ జంక్షన్ వైపు. నేను నడిపాను, బావమరిది ఫోనులో జీపీఎస్ చదివాడు. ఇద్దరు లేకుండా ఈ పని పెట్టుకోవద్దు.

మీటరు 40: జీపీఎస్ 37
మీటరు 60: జీపీఎస్ 55
మీటరు 80: జీపీఎస్ 74

పాడైందనుకోవద్దు. స్పీడోమీటర్లు కావాలనే కొంచెం ఎక్కువ చూపేలా చేస్తారు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 39 ప్రకారం మీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదు. ఎక్కువ చూపితే అసలు వేగంలో పదో వంతుకు 4 కలిపినంత దాకా ఫరవాలేదు. నాది ఆ హద్దు లోపలే ఉంది.

కిలోమీటర్ బోర్డులు 20 లెక్కపెట్టాం. ఓడోమీటరు (తిరిగిన కిలోమీటర్లు చూపేది) 20.4 తిరిగింది, అంటే నూటికి రెండు ఎక్కువ. ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకు మీటరు 412 చూపింది, పట్టిన పెట్రోలు 30.4. మీటరు లెక్కన మైలేజీ 13.6, అసలు లెక్కన 13.3. దాన్నిబట్టి ముల్లు కదలని ఆ 5.4 లీటర్లు దాదాపు 72 కిలోమీటర్లు.

ఖర్చు: 60. మొత్తం: 2,440.

దశ 7: చేతికి, కాలికి అందేవి

బావమరిదికి పెట్టిన పరీక్ష: ఆగి ఉన్న బండిలో కళ్ళు మూసుకుని నేను చెప్పింది పట్టుకోవాలి. హారన్, డిమ్ము, బ్రైట్, వైపర్, హజార్డ్, హ్యాండ్ బ్రేక్. మొదటి రోజు పదిలో నాలుగు. నాలుగో రోజు తొమ్మిది. మన దగ్గర జపాన్, కొరియా కంపెనీల బండ్లలో ఇండికేటర్ కాడ కుడిచేతి వైపు, చాలా ఐరోపా కంపెనీల బండ్లలో ఎడమ వైపు ఉంటుంది. వాడు నేర్చుకున్న డ్రైవింగ్ స్కూలు కారులో ఎడమ వైపు. అందుకే మొదటి వారమంతా మలుపు దగ్గర వైపర్ వేశాడు.

హ్యాండ్ బ్రేక్ దగ్గర అసలు దెబ్బ. ఒక టిక్కు పైకి ఉండిపోతే లైటు వెలగలేదు, అలాగే మూడు కిలోమీటర్లు పోయాం. వెనక చక్రాల దగ్గర కాలిన వాసన వచ్చాక గాని తెలియలేదు. కొలిస్తే నాలుగో టిక్కుకు గాని లైటు వెలగడం లేదు, కింది స్విచ్ రేకు వంగి ఉంది. సరిచేశాక మొదటి టిక్కుకే వెలుగుతోంది. ఇంకో మాట: చాలా బండ్లలో బ్రేక్ ఆయిల్ తగ్గినా ఇదే లైటు. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించినా ఆరకపోతే స్విచ్‌ను తిట్టేముందు బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి.

ఎడమ ఇండికేటర్ టకటకమని మామూలు కన్నా వేగంగా కొట్టుకుంది. ఒక బల్బు పోయిందని అది చెప్పే పద్ధతి. వెనక బల్బు మార్చాను, 30.

నాలుగు ఇండికేటర్లూ కలిపి వేసే హజార్డ్ గురించి ఇంట్లో చిన్న గొడవ. జంక్షన్లో నేరుగా పోతున్నానని చెప్పడానికి దాన్ని వేయడం మనవాళ్ళలో చాలామందికి అలవాటు, నాన్న కూడా అదే నేర్పారు. పక్క రోడ్డు నుంచి చూసేవాడికి మన బండిలో ఒక వైపు ఇండికేటరే కనిపిస్తుంది, మనం తిరుగుతున్నామనుకుని దూసుకొస్తాడు. నేరుగా వెళ్ళేవాడు ఏదీ వేయక్కర్లేదు. హజార్డ్ బండి చెడి ఆగినప్పుడు. బావమరిదిని ఏలూరులో ఒక జంక్షన్ పక్కన నిలబెట్టి, నేను వేసుకుని వచ్చి చూపించాను. వాడు నమ్మాడు. నాన్న ఇంకా నమ్మలేదు.

ఖర్చు: 30. మొత్తం: 2,470. అందులో అనవసరంగా పోయింది 220.

ఇప్పటి పరిస్థితి

ఎండ అడ్డం రేకు వెనక ఒక అట్ట అంటించాను. దాని మీద రాసింది:

1. కీ ఆన్. నాలుగు లైట్లు లెక్కపెట్టు. మూడైతే కదలకు.
2. సెల్ఫ్. రెండు సెకన్లలో ఆయిల్, చార్జింగ్, ఇంజిన్ బొమ్మ లైట్లు ఆరాలి.
3. హ్యాండ్ బ్రేక్ దించు. నాలుగోది ఆరాలి.
4. ఆదివారం పొద్దున డిప్‌స్టిక్, కూలెంట్, బ్రేక్ ఆయిల్.

మిగిలిన పనులు రెండు. కొత్త నీలం బల్బు బాగానే ఉంది గానీ నీలం గాజు వెలిసిపోయి తెల్లగా వెలుగుతోంది. పెట్రోలు ముల్లు సగం నుంచి ముప్పావుకు మధ్య ఏం చెబుతోందో ఇంకా సరిగ్గా తేలలేదు, 2 లీటర్ల చొప్పున మళ్ళీ కొలవాలి. ఈసారి తొయ్యడానికి రానని బావమరిది ముందే చెప్పేశాడు.